ఫుట్‌బాలు జట్టు: క్రొత్త శిక్షకుడు, పాత జాడ్యము

2025 నవంబరు 18వ తేదీన ఢాకా నగరమున మన దేశపు ఫుట్‌బాలు జట్టు బంగ్లాదేశము చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడిపోయినది. ఆట మొదలైన 11వ నిమిషమున పడిన ఆ గోలును మిగిలిన కాలమంతయు శ్రమించియు మనవారు తీర్చుకొనలేకపోయిరి. అంతకు ముందు 22 ఏండ్లుగా బంగ్లాదేశము మనలను గెలిచి యెరుగదు. అయినను ఢాకాలో పోయినది మానము మాత్రమే. పోగూడని వస్తువు అంతకు నెలముందే, అక్టోబరు 14వ తేదీన, గోవాలోని ఫతోర్డా మైదానమున పోయినది. ఆనాడు మొదటి గోలు మనవారిదే. కాని సింగపూరు పక్షమున ఒక్క ఆటగాడే రెండు గోలులు చేసి 2-1గా తన జట్టును గెలిపించినాడు. దానితో 2027 ఆసియా కప్పు ద్వారము మనకు మూతవడినది. ఇరువదినాలుగు జట్లకు చోటున్న పోటీ అది. నూటనలుబది కోట్ల జనసంఖ్య గల దేశమునకు అందు ఒక్క పీట దొరకలేదు. ఆ నవంబరులోనే ప్రపంచ పట్టికలో మన స్థానము 142కు దిగజారెను. 2023 జూలైలో అది 99.

బంతియాటకు సంపాదకీయ పుటలో చోటేల యని యడుగు పెద్దలు మా పాఠకులలో ఉండవచ్చును. 1911 జూలై 29వ తేదీన కలకత్తా మైదానమున మోహన్ బగాన్ జట్టువారు, ఒక్కడు తప్ప తక్కిన వారందరును వట్టికాళ్లతో ఆడి, ఈస్టు యార్కుషైరు పటాలమును 2-1గా గెలిచిననాడు దేశము దానిని బంతియాట యని త్రోసివేయలేదు. నాడు గెలుపు దేశముదైనప్పుడు నేటి ఓటమి యెవరిది? శిక్షకునిదా? పదునొకండుగురు యువకులదా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుకొననిదే జట్టును తిరిగి కట్టుట అను మాటకు అర్థము లేదు.

కొంత వెనుకటి కథ చెప్పవలసియున్నది. 2024 జూన్‌లో క్రొయేషియా దేశస్థుడైన ఇగోర్ స్టిమాచ్ గారిని ప్రపంచ కప్పు అర్హతాపోటీలలో విఫలుడైనాడని తొలగించిరి. ఆయన స్థానమున స్పెయిను దేశస్థుడు మనోలో మార్కెజ్ గారు వచ్చిరి. వచ్చుటయేమి, గోవా సంఘమునకు శిక్షకుడుగా నుండుచునే వచ్చిరి! ఒక కాపు రెండూళ్ల చేలకు ఒకే కాడితో దున్నినట్లయినది. ఎనిమిది ఆటలలో ఆయన జట్టు గెలిచినది ఒక్కటి, అదియు మాల్దీవుల మీద. నలుబదియేండ్ల వాడు, ఆట విరమించి ఇంటికి పోయినవాడు, సునీల్ ఛేత్రిని బ్రతిమాలి వెనుకకు తెచ్చుకొనవలసి వచ్చినది. ఈ మార్కెజ్ గారు హైదరాబాదు వారికి క్రొత్తవారు కారు. 2022లో హైదరాబాదు సంఘమునకు ఇండియన్ సూపర్ లీగు కప్పును తెచ్చిపెట్టినది వారే. ఒక పొలమున పండించిన చేయి మరియొక పొలమున ఎండగట్టినప్పుడు, చేతిని మాత్రమే చూచి నేలను చూడకుండుట వివేకమా?

2025 ఆగష్టు 1వ తేదీన శ్రీ ఖాలిద్ జమీల్ గారు నియుక్తులైరి. 2012లో సావియో మెడైరా గారి పదవీకాలము ముగిసిన పిమ్మట భారతీయునకు ఈ పూర్తికాలపు పదవి దక్కుట అదియే మొదటిసారి. నియామకము వెలువడిన దినమున స్వదేశీ శిక్షకుడు వచ్చినాడని పలువురు సంతోషించిరి. మేమును సంతోషించితిమి, కాని ఆ కారణమున కాదు. ఖద్దరు కట్టినంతమాత్రమున వకీలు వాదన బలపడదని మా వృత్తిలో మాకు తెలియును. జమీల్ గారు ఆ పదవికి అర్హులగుట వారు చేసిన పనిచేత. 2017లో మిజోరాములోని ఐజాల్ సంఘమును జాతీయ లీగున ప్రథమస్థానమునకు చేర్చినవారు వారు. ఆ సంఘము అంతకు ముందటి సంవత్సరమే క్రింది తరగతికి దిగజారి, గోవా సంఘములు తప్పుకొనుటచేత మరల పైతరగతిలో నిలిచినది. ధనము లేదు, పేరుగల ఆటగాండ్రు లేరు. ఇతరులు వద్దనుకొన్నవారిని, ఆ కొండలలోని కుర్రవాండ్రను కూర్చి పెద్ద నగరముల జట్లను వెనుకకు నెట్టినారు. ఉన్న సరకుతో ఇల్లు కట్టగల మేస్త్రి యను పేరు వారికి అప్పటినుండి కలదు.

ఒకటి మాత్రము మనసులో గ్రుచ్చుకొనుచున్నది. విదేశీయుడు దొరకినన్నాళ్లు విదేశీయునకే పెద్ద వేతనమిచ్చి, ఖజానా ఖాళీయై, లీగు నిలిచిపోయి, దిక్కుతోచని వేళ స్వదేశీయుని పిలుచుట స్వదేశాభిమానమగునా? ఓడ మునుగునప్పుడు చుక్కాని యెవరి చేతికిచ్చినను ఇచ్చినవారికి ఖర్చు లేదు. రేపు ఓడినచో, చూచితిరా మనవారి వలన కాదు అని పలుకుట కూడ సులభము. ఆ మాట అప్పుడే వినవచ్చినది కూడ.

జమీల్ గారి తొలి యడుగు మంచిదే. 2025 ఆగష్టు, సెప్టెంబరు మాసములలో మధ్యాసియా దేశముల పోటీకి పోయి, తజికిస్థానమును దాని సొంత నేలమీద 2-1గా గెలిచిరి. ఇరానుతో 0-3గా ఓడిరి. ఆఫ్ఘనిస్థానముతో సమానులై, చివర ఒమాను దేశమును పెనాల్టీలలో గెలిచి మూడవస్థానము పొందిరి. కొన్ని సంఘములు తమ ఆటగాండ్రను శిబిరమునకు పంపనేలేదు. అయినను ఇంత జరిగినది. దేశమంతట ఒక్కసారిగా ఆశ పొంగినది. అక్టోబరు 9వ తేదీన సింగపూరులో, నాయకుడు జింగాన్ మైదానమునుండి పంపివేయబడిన పిమ్మట పదిమందితో ఆడి, చివరి నిమిషములలో గోలు చేసి 1-1గా సరిచేసిరి. అయిదు దినములకే ఫతోర్డా. నెలకే ఢాకా. అభినందనలు వ్రాసిన చేతులే తొలగింపు తీర్మానములు వ్రాయసాగెను. మనకు ఆరంభశూరత్వమొక్కటియే కాదు, ఆరంభక్రోధమును ఉన్నది!

చదువుగదులలో ఈ విషయమై వినవచ్చు సలహాలు రెండు. వృద్ధులను పంపివేయుడనునది మొదటిది. ఇతర దేశములందున్న భారతీయ సంతతివారిని రప్పింపుడనునది రెండవది. రెండవదానికి ఢాకాలోనే ఉదాహరణము కంటబడినది. ఇంగ్లాండున పుట్టి పెరిగిన హంజా చౌధురి బంగ్లాదేశము పక్షమున ఆడుచున్నాడు. వారి చట్టము అందుకు అవకాశమిచ్చినది. మన చట్టము రెండు దేశముల పౌరసత్వమును ఒక్కనికి ఒప్పదు. ఆస్ట్రేలియా పౌరసత్వమును వదలుకొని 2025లో భారత పౌరుడైన రయాన్ విలియమ్స్ వంటివాడు వచ్చినప్పుడు ఆదరముతో చేర్చుకొనవలసినదే; తన పాసుపోర్టును త్యజించి వచ్చినవానిని పరాయివాడనుట అల్పత్వము. కాని ఒకరిద్దరి త్యాగము మీద జట్టును కట్టుట, ఊరికి చెరువు త్రవ్వక బాటసారుల కూజాలమీద ఆధారపడుట వంటిది. చట్టము మార్చుట, మార్పకుండుట పార్లమెంటు పని; దానిని ఫుట్‌బాలు కొరకు మార్పవలెనను వాదము మాకు రుచింపలేదు.

వృద్ధుల మాటకు వత్తము. ఛేత్రి 1984 ఆగష్టులో పుట్టినవాడు. 2024-25 సంవత్సరపు సూపర్ లీగులో భారతీయులందరిలో అధికముగ గోలులు చేసినవాడెవడు? ఆయనయే! 14 గోలులు. ఇరువదియేండ్ల, ఇరువదియైదేండ్ల యువకులు ఆయన వెనుక నుండిరి. ఈ ఒక్క సంగతి నెమ్మదిగా ఆలోచించినచో జట్టు జాడ్యమంతయు బోధపడును. 2024 జనవరిలో ఖతారులో జరిగిన ఆసియా కప్పున మనవారు మూడాటలాడి మూడును ఓడిరి. ఒక్క గోలును చేయలేదు. అప్పుడు శిక్షకుడు స్టిమాచ్. 2024 సెప్టెంబరులో హైదరాబాదు గచ్చిబౌలిలో మారిషసుతో 0-0, సిరియాతో 0-3, అప్పుడు మార్కెజ్. శిక్షకులు మారిరి, గోలు మాత్రము పుట్టలేదు. ఎట్లు పుట్టును? లీగులోని సంఘములు విదేశీయులను కొనునప్పుడు మొదట కొనునది గోలుచేయు నడిమి ఆటగానిని. తరువాత రక్షణపంక్తి నడుమ నిలుచువానిని. బంతిని వలలోనికి కొట్టు స్థానము పరాయివానిది, దానిని కాపాడు కీలకస్థానము పరాయివానిది. మన కుర్రవాడు ప్రక్కలనుండి పరుగెత్తి బంతిని వానికందించు కూలి. నవంబరు వరకు వానిని ఈ పనిలో పెట్టి, డిసెంబరులో దేశపు చొక్కా తొడిగి, నాయనా, నడుమ నిలిచి గోలు కొట్టుమనిన, వాడు ఎక్కడినుండి కొట్టగలడు? జమీల్ గారు గాని, వారి తరువాత రాబోవువారు గాని, మంత్రగాండ్రు కారు.

సంఘముల యజమానులను మేము దూషింపము. వారు తమ ధనమును వెచ్చించి గెలువగోరుచున్నారు. వారు ఏమి చేయవలెనో నియమము చేయవలసినది అఖిల భారత సమాఖ్య. ప్రతి జట్టును నడిమి గోలుకాని స్థానమున నొక భారతీయునికి ఇన్ని నిమిషములు తప్పక ఆట ఇవ్వవలెనని నియమమేల చేయరాదు? దేశపు రెండవతరగతి లీగులో ఆ స్థానమున పరాయివానిని పూర్తిగ నిషేధించిన నష్టమేమి? ఆట నాణ్యము తగ్గునని యందురు. తగ్గనిండు, మూడేండ్లు. ఉన్న నాణ్యము మనలను 142వ మెట్టునకు దించినదే గాని పైకెత్తలేదు.

ఇక లీగు సంగతి. న్యాయస్థానముల మెట్లమీద జీవితము గడపువారము గనుక ఇందులో మాకు కొంత పరిచయము కలదు. సమాఖ్య 2010లో వ్యాపారహక్కులను పదునైదేండ్లకు ఒక సంస్థ కిచ్చినది. పదునైదేండ్ల ఒప్పందము ఏనాడు ముగియునో ఒప్పందమునందే వ్రాయబడియుండును. 2025 డిసెంబరు 8వ తేదీ అకస్మాత్తుగ ఆకాశమునుండి ఊడిపడినది కాదు. కౌలు గడువు తీరబోవుచున్నదని తెలిసి వేసవిలోనే ఏర్పాటు చేసికొనని కాపును మనమేమందుము? ఇచ్చట కౌలు తీరువరకు కూర్చుండి, నవంబరులో వేలము వేసిరి. ఒక్కరును పాడలేదు. సెప్టెంబరులో మొదలు కావలసిన లీగు 2026 ఫిబ్రవరి నడుమనగాని మొదలు కాలేదు. అనగా సింగపూరుతో, బంగ్లాదేశముతో తలపడిననాడు మన ఆటగాండ్రకు లీగు ఆటలే లేవు. కొందరికి జీతములే నిలిచెను. మైదానమెక్కక నెలలైనవానిని తెచ్చి అంతర్జాతీయ పందెమున నిలిపి, శిక్షకుని జవాబు చెప్పుమనుట ఏ న్యాయశాస్త్రమందును లేదు.

సమాఖ్య నిబంధనావళి కథయు ఇట్టిదే. 2022 ఆగష్టులో ప్రపంచ సంస్థ మన సమాఖ్యను పదునొకండు దినములు బహిష్కరించినది. పిమ్మట సుప్రీముకోర్టు కోరికపై మాజీ న్యాయమూర్తి శ్రీ లావు నాగేశ్వరరావు గారు క్రొత్త నిబంధనావళిని సిద్ధముచేసిరి. 2025 సెప్టెంబరు 19వ తేదీన న్యాయమూర్తులు శ్రీ నరసింహ గారు, శ్రీ బాగ్చీ గారు కొన్ని సవరణలతో దానిని ఆమోదించిరి. ముసాయిదా వ్రాసినవారును, తీర్పు చెప్పిన ఇరువురిలో నొకరును తెలుగువారగుట మనకు సంతోషకరమే. అయినను న్యాయస్థానము నియమములు వ్రాయగలదు గాని, బంతిని తన్నలేదు. పత్రము వచ్చినది, దాని ప్రకారము నడుచు మనుష్యులు రావలెను.

ఇప్పుడు రహీము గారి మాట యెత్తక తప్పదు. ఎత్తుటకు కొంత సంకోచము కూడ కలదు. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడను రీతిగ ఆయన పేరును వాడుకొనుట మన కలవాటైపోయినది. 2024లో ఆయన కథ హిందీ చలనచిత్రముగ వచ్చిన పిమ్మట ఆ యలవాటు మరింత ముదిరినది. కాని ఆయన చేసిన పనిని పనిగా చూచిన నేటికిని పనికివచ్చును. సయ్యద్ అబ్దుల్ రహీము 1909లో పుట్టిన హైదరాబాదీ, బడిపంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యైరి. ఆయన చేతిమీదుగా హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును విడువలేదు. బలహీనమైన కాలితోనే ఆడవలెను, బంతిని కాలివద్ద నాపుకొని త్రిప్పరాదు అను నియమములతో బాలురకు ప్రత్యేకపు పోటీలు పెట్టిరి. కుడికాలి వాటమువానికి ఎడమకాలు వచ్చువరకు పంతులు గారు విడువరు. ఇది రాజధానిలో సభ కూర్చి తీర్మానించిన పథకము కాదు. పలక, బలపము పట్టించినట్లు పట్టించిన విద్య.

1952లో హెల్సింకి ఒలింపిక్సులో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10గా ఓడినది. పది గోలులు! చలిలో, పలువురు బూట్లు లేక ఆడిన ఆట అది. నేటి పద్ధతిలోనైనచో ఆ రాత్రియే శిక్షకునకు ఉద్వాసన జరిగెడిది. ఆయన పేరు మరల వినబడి యుండెడిది కాదు. అట్లు జరుగలేదు. బూట్లు తప్పనిసరి యని సమాఖ్య నియమము చేసినది. నాలుగేండ్లకు, 1956లో, మెల్బోర్నుకు జట్టును తీసికొనిపోయినది రహీము గారే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుసేన్, జుల్ఫికారుద్దీన్, సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం — ఇంతమంది హైదరాబాదువారు అందుండిరి. ఆస్ట్రేలియాను 4-2గా గెలిచి నాల్గవస్థానమున నిలిచిరి. 1962 జకార్తాలో మొదటి ఆటలో దక్షిణ కొరియా 0-2గా మనలను ఓడించినది. చివరి ఆటలో మరల అదే కొరియా. రక్షకుడైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లుపడియుండగా, ఆయనను ముందుపంక్తికి జరిపి నడుమ నిలిపిరి. 2-1గా గెలిచితిమి; రెండవ గోలు ఆ జర్నైల్ సింగుదే. అప్పటికే పుట్టకురుపు రహీము గారిని లోలోపల తినుచుండినది. 1963 జూన్ 11వ తేదీన ఆయన గతించిరి.

పదిగోలుల ఓటమికిని బంగారు పతకమునకును నడుమ పదియేండ్లు. ఈ అంకెను సమాఖ్యవారు తమ సభాభవనపు గోడమీద వ్రాసికొనిన బాగుండును. అంత పాతమాట యేల? 2015లో స్టీఫెన్ కాన్‌స్టంటైన్ గారు రెండవమారు శిక్షకులై వచ్చిననాడు మన స్థానము 170కి దిగువన ఉండెను. ఆయన పాతవారిని తప్పించి యువకులను నింపిరి. ఫలితము? ఆ జూన్‌లో గువామ్ అను చిన్న ద్వీపము చేతిలో 1-2గా ఓటమి. నవ్వనివారు లేరు. ఆయనను ఉంచిరి. 2017లో 96వ స్థానము. 2019 జనవరిలో ఆసియా కప్పున థాయిలాండుపై 4-1 విజయము. గువామ్ ఓటమినాడు పంపివేసినచో ఆ రెండింటిలో ఒకటియు లేదు.

కావున మేము కోరునది ఇది. శిక్షకుడెవరైనను, కనీసము నాలుగేండ్ల గడువు ముందుగానే వ్రాతమూలముగ నిర్ణయింపుడు. రెండేండ్ల వరకు గెలుపోటముల లెక్క అడుగకుడు; ఇరువదిమూడేండ్లలోపు వారెందరికి దేశపు జట్టులో ఆట దొరికినది, ఎన్ని నిమిషములు దొరికినది అను లెక్క అడుగుడు. ఆ లెక్కను మూడు నెలలకొకమారు పత్రికలకిండు. సంఘములు శిబిరమునకు ఆటగాండ్రను పంపుట ఎప్పుడు తప్పనిసరియో సంవత్సరారంభముననే ఒప్పుకొనుడు. మొగమాటపు ఉత్తరములతో అది జరుగదు. సరకు లేదను మాట చెప్పవద్దు. 2025 నవంబరు 30వ తేదీన అహమ్మదాబాదులో పదునేడేండ్లలోపు బాలురు ఇరానును 2-1గా గెలిచి ఆసియా పోటీకి అర్హులైరి. పెద్దలను 0-3గా గెలిచిన దేశమే అది! ఆ బాలురు ఇరువదియొకటవ ఏట ఏ స్థానమున ఆడుచుందురు? ఏ విదేశీయుని వెనుక బెంచీమీద కూర్చుండియుందురు?

ఆడపిల్లల జట్టును చూడుడు. 2025 జూలై 5వ తేదీన థాయిలాండును ఆ దేశమునందే 2-1గా గెలిచి, అర్హతాపోటీల ద్వారా ఆసియా కప్పునకు చేరుట మనకు అదే ప్రథమము. ఆ జట్టునకు ఎన్నికైనవారిలో మన నిజామాబాదు పిల్ల సౌమ్య గుగులోతు కలదు. నాటి వారి శిక్షకుడును భారతీయుడే. ఆ విజయమునకు మన పట్టణములలో ఎన్ని సభలు జరిగినవి? మాకు తెలిసినంతలో మా ఊరిలో ఒకటియు జరుగలేదు.

హైదరాబాదు సంగతి చెప్పుకొన సిగ్గుచేటు. 1956-57, 1957-58లలో హైదరాబాదు, 1965-66లో ఆంధ్రప్రదేశము సంతోష్ ట్రోఫీని గెలిచెను. ఆ తరువాత తెలుగునేలకు అది రాలేదు. 2024 డిసెంబరు 31వ తేదీన ఆ ట్రోఫీ తుదిపందెము హైదరాబాదుననే జరిగినది. ఆడినవారు బంగాళమువారు, కేరళమువారు. మనము కుర్చీలు వేసితిమి. 2022లో లీగు కప్పు తెచ్చిన సంఘము 2025లో మూటముల్లె కట్టుకొని ఢిల్లీకి పోయి పేరు మార్చుకొనినది. సంఘము పోయినను మైదానములు పోలేదు, బడులు పోలేదు. రహీము గారు బడిపంతులు. రెండు తెలుగు ప్రభుత్వములును ప్రతి జిల్లా కేంద్రమున ఒక ఉన్నత పాఠశాలను ఏరి, అందు ఫుట్‌బాలు నేర్పుటకే ఒక పూర్తికాలపు ఉపాధ్యాయుని నియమించి, సాయంకాలములందు ఆ బడి మైదానమును పెండ్లిపందిళ్లకును, వస్తుప్రదర్శనములకును కిరాయికియ్యకుండ ఉత్తరువు చేయవలెను. మా పట్టణపు పురపాలక సంఘమువారు ఈ చివరి పనిని ప్రభుత్వపు ఉత్తరువు రాకమునుపే చేయవచ్చును. వచ్చు సమావేశమున ఇద్దరు సభ్యులు ఈ తీర్మానమును ప్రతిపాదించుటకు ఒప్పుకొనియున్నారు.